సాయంకాలపు గంట ఎవరు కొట్టవలెను?

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 18:13–26, అపొస్తలుల కార్యములు 6:1–7, రోమా 16:1–5.



చాగలమర్రి చుట్టుపట్ల పల్లెలలో పెద్దవయస్సు గలవారిని పిలిచి, మీ చిన్ననాటి గుడిని గూర్చి చెప్పుడని అడిగినచో, వారు ప్రసంగములను గూర్చి చెప్పరు. ఏ అయ్యగారు ఏమి ప్రసంగించెనో వారికి జ్ఞాపకముండదు. మా ప్రసంగముల గతియు అంతే కావచ్చును. వారు చెప్పునది గంటను గూర్చి. వేపచెట్టు కొమ్మకు వ్రేలాడగట్టిన ఒక రైలుపట్టా ముక్క, దానిని కొట్టుటకు ఒక ఇనుప కమ్మీ. ప్రొద్దు గూకిన తరువాత ఉపదేశి దానిని కొట్టెడివాడు. చేనిపని నుండి వచ్చినవారు కాళ్లు చేతులు కడుగుకొని, సంగటి పొయ్యిమీద ఉడుకుచుండగనే, పిల్లలను చంకనెత్తుకొని గుడికి వచ్చెడివారు. లాంతరు చుట్టు కూర్చుండి ఒక కీర్తన పాడి, ఒక వాక్యభాగము విని, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన చెప్పుకొని ఇండ్లకు పోయెడివారు. అంతయు అరగంట పని. ఆ అరగంటలో చదువు రానివారు సైతము కీర్తనలను, పది ఆజ్ఞలను, ప్రశ్నోత్తరములను కంఠస్థము చేసికొనిరి.

ఇప్పుడు ఆ గంట ఎన్ని పల్లెలలో మ్రోగుచున్నది? ఈ నెల మన పాఠము ఆ ప్రశ్నను గూర్చియే. ఇది పాత కాలమును తలంచుకొని నిట్టూర్చుటకు వ్రాయుట లేదు. మా చేతులమీదుగా ఒక గంట ఆగిపోయినది గనుక వ్రాయుచున్నాము. ఆ సంగతి ముందుకు చెప్పెదము.

ముందుగా, ఈ ఉపదేశి పని మన ప్రాంతములో ఎట్లు పుట్టెనో తెలిసికొనుట మంచిది. 1701లో ఇంగ్లాండులో స్థాపింపబడిన ఎస్.పి.జి. మిషను వారు పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలములో మన ముత్యాలపాడు, ఆ వెనుక కలసపాడు, నంద్యాల మొదలగు స్థలములలో పనిచేసిరి. 1876–78 సంవత్సరములలో వచ్చిన ఘోరమైన కరువును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిరి. ఆ కరువు కాలమునందును, దాని తరువాతను, పల్లెకు పల్లె ఒక్కసారిగా బాప్తిస్మమునకు సిద్ధపడినవి. మిషనరీలు వ్రేళ్లమీద లెక్కించునంత మంది. పల్లెలు వందలు. దొరగారు గుఱ్ఱమెక్కి సంవత్సరములో ఒకటి రెండు సార్లు వచ్చిపోగలరు గాని, ప్రతి సాయంకాలము కూర్చుండి చెప్పుట ఎవరి తరము? కాబట్టి పల్లెకు ఒక ఉపదేశిని నియమించిరి. పగలు బడి, సాయంకాలము ప్రార్థన, ఆదివారము ఆరాధన, రాత్రి రోగుల పరామర్శ, ఇవన్నియు అతని పనులు. అతని చదువు తక్కువ, జీతము ఇంకను తక్కువ. అయినను మన సంఘములను నిలిపినది అతడే. మిషను చరిత్రలలో మిషనరీల పేర్లు పెద్ద అక్షరములతో ఉన్నవి. ఉపదేశుల పేర్లు వెదకినను దొరకవు.

ఈ పల్లె సేవ విలువను బాగుగా ఎరిగినవాడు బిషపు వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు. తిరునల్వేలి ప్రాంతములో 1874లో పుట్టి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో మొట్టమొదటి భారతీయ బిషపైన ఆయన, 1945 జనవరి 1వ తేదీన మరణమగువరకు దోర్నకల్లు డయోసీసును పాలించెను. కొంతకాలమునకు మన కర్నూలు ప్రాంతపు సంఘములు కూడ ఆ డయోసీసులో చేరినవి. ఆయన గట్టిగా పట్టుబట్టిన విషయములలో రెండు మనకు ఇప్పుడు కావలెను. మొదటిది, సేవకు సిద్ధపడువాడు భార్యతో కూడ రావలెననియు, ఆమెయు శిక్షణ పొందవలెననియు ఆయన నియమము. పల్లెలో సగముమంది స్త్రీలు గదా, వారికి బోధించువారెవరు? రెండవది, పేద సంఘమైనను తన చేతినుండియే ఇయ్యవలెను. అన్నము వండునప్పుడు ఒక పిడికెడు బియ్యము ప్రక్కన తీసియుంచుట, కోతపండుగకు తొలి పంటను బలిపీఠమునొద్దకు తెచ్చుట మన తెలుగు సంఘములలో ఇట్లు వేరూనినవి. మా తల్లిగారి ఇంట ఆ బియ్యపు కుండ మేము ఎరుగుదుము. మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆకలియై దానిలో చేయి పెట్టి దెబ్బలు తినినాము.

ఇప్పుడు మన స్థితి చూతము. జీతము తీసికొని పల్లెలో కాపురముండు ఉపదేశులు తగ్గిపోయిరి. ఒకరు విశ్రాంతి తీసికొనిన తరువాత ఆ స్థానములో మరియొకరు రాకపోవుట అనేక చోట్ల జరిగినది. మాకు అప్పగింపబడినవి తొమ్మిది పల్లెలు. నెలకు ఆదివారములు నాలుగు. ప్రతి ఆదివారము రెండు చోట్ల ఆరాధన జరిపినను ఎనిమిదియే యగును. తొమ్మిదవ పల్లె ఎప్పుడును మిగిలిపోవును. లెక్క మంచిగా కుదిరిన నెలలోనైనను, ఒక పల్లెకు ముప్పది సాయంకాలములుండగా అందులో మేము అచ్చట ఉండునది ఒక్కటి. మిగిలిన ఇరువది తొమ్మిది సాయంకాలములు ఆ సంఘమును ఎవరు మేపుదురు? సెమినరీలో మాకు గ్రీకు అక్షరములు నేర్పిరి. అది మంచిదే. ఈ ఇరువది తొమ్మిది సాయంకాలముల లెక్క మాత్రము ఎవరును నేర్పలేదు.

పని తీరులు కూడ మారినవి. ప్రత్తి తీయు కాలములో, మిరప కోతల కాలములో మన తల్లులు తెల్లవారకముందే ఆటోలెక్కి పోవుచున్నారు. ఆదివారము పది గంటలకు గంట కొట్టినచో ముసలివారు, చంటిపిల్లల తల్లులు తప్ప ఎవరు వత్తురు? యౌవనస్థులు బెంగుళూరికి, హైదరాబాదుకు పోయిరి. క్రిస్మసుకు వత్తురు, సున్నము కొట్టింతురు, నక్షత్రము కట్టుదురు, మూడవ దినమున బస్సెక్కుదురు. వారిని నిందింపము. వారు పంపు డబ్బుతోనే ఇండ్లు గడుచుచున్నవి, గుడి పైకప్పు కూడ నిలిచినది.

పాటల సంగతి ఒక మాట. ఇరువది మంది కూర్చుండు గుడికి మనిషి ఎత్తు సౌండు బాక్సులు రెండు కొనిన పల్లెను మేము ఎరుగుదుము. కీబోర్డు వాయించుట తప్పు కాదు. పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు పందొమ్మిదవ శతాబ్దములో మన రాగములలో, మన తాళములలో కీర్తనలు కట్టినప్పుడు అదియు ఆ కాలమునకు క్రొత్తదే. వాయిద్యము ఏదని మేము అడుగుట లేదు. పాడునది ఎవరని అడుగుచున్నాము. ఫోనులోని పాటను మైకు ముందు పెట్టి, సంఘమంతయు చేతులు కట్టుకొని వినుచున్నప్పుడు, అచ్చట పాట ఉన్నది గాని పాడువారు లేరు. చిడతలు, తప్పెట తప్ప మరేమియు లేనప్పుడు అందరును పాడిరి.

ఇక పదవుల విషయము. మన సంఘములలో అనేక చోట్ల కమిటీ ఎన్నికలు ఊరి ఎన్నికల వంటివైనవి. ఇంటింటికి తిరుగుట, వర్గములు కట్టుట, ఓడినవారు గుడికి రాకపోవుట, కొన్ని చోట్ల కోర్టు మెట్లెక్కుట జరిగినది. దీనిని దాచిపెట్టి ప్రయోజనము లేదు, మన పొరుగువారికి మనకంటె ముందే తెలిసియున్నది. విచిత్రమేమనగా, సెక్రటరీ పదవికి నలుగురు పోటీపడిన పల్లెలోనే, సాయంకాలము దీపము పెట్టి ప్రార్థన చేయుటకు ఒక్కరును ముందుకు రారు.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి జనుల తగవులు తీర్చుచుండగా, అతని మామయైన యిత్రో చూచి ఆక్షేపించెను. ఈ భాగము మీద మా వంటి పాదిరులు ప్రసంగించునప్పుడు, పనిభారము చేత నీవు నలిగిపోదువను మాటను ఎత్తి చెప్పుకొందుము. మా కష్టము మీకు తెలియవలెను గదా! కాని 18వ వచనమును మరల చదువుడి. నలిగిపోవునది మోషే మాత్రమే కాదు, అతనితో నున్న జనులు కూడ. ఎండలో వరుసగా నిలువబడి తమ వంతు కొరకు సాయంకాలము వరకు కనిపెట్టినవారు వారే. అన్నియు ఒక్క మనిషి చేతిలో నున్నప్పుడు, ఆ మనిషి ఎంత మంచివాడైనను, సంఘము వాకిట నిలువబడియే ఉండును.

యిత్రో చెప్పిన లెక్క గమనింపుడి. వెయ్యిమందికి, వందమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒక్కొక్కని నియమింపుమనెను. వెయ్యిమందికి అధికారిని మనము సులభముగా నియమింతుము. డయోసీసునకు, పాస్టరేటునకు పెద్దలున్నారు. మనలో లేనిది చివరిది, పదిమందికి ఒకడు. ఇరువది రెండు ఇండ్లున్న పల్లెలో ఇద్దరు ముగ్గురు అట్టివారు చాలుదురు. వారికి ఉండవలసిన గుణములు 21వ వచనములో ఉన్నవి. సామర్థ్యము, దైవభయము, సత్యాసక్తి, లంచమును అసహ్యించుకొనుట. చదువు ప్రస్తావన లేదు, వంశము ప్రస్తావనయు లేదు.

ఇంకొక సంగతి. యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలువాడు కాడు. ఎఱ్ఱసముద్రమును దాటించిన మోషే, దేవునితో మాటలాడిన మోషే, బయటివాడు చెప్పిన బుద్ధిని విని అట్లే చేసెను. ఇది ఎందుకు చెప్పుచున్నామో కొంచెము సేపటిలో తెలియును.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఫిర్యాదు అన్నము దగ్గర పుట్టినది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు ప్రతిదినపు వంతు సరిగా అందుట లేదు. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారిని గద్దింపలేదు. ఎన్నుకొనుటకు సంఘమునే పిలిచిరి. ఎన్నుకొనబడిన ఏడుగురి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. పేరును బట్టియే అంతయు చెప్పలేము, అపొస్తలులలో కూడ ఫిలిప్పు, అంద్రెయ అను గ్రీకు పేర్లు గలవారుండిరి. అయినను ఏడింటికి ఏడును అట్లుండుట చూడగా, ఏ పక్షమువారు మాకు అన్యాయము జరిగెనని మొరపెట్టిరో, ఆ పక్షమువారి చేతికే గరిటె ఇచ్చినట్లు మాకు తోచుచున్నది. అట్టి పని మన కమిటీలలో ఎవరైన చూచితిరా? మనలో ఫిర్యాదు చేసినవానికి గరిటె ఇయ్యము, గుడి లెక్కల పుస్తకము కూడ చూపము.

ఇచ్చట పాఠము ఆపి, మీ సంఘములో దీనిని అడిగి చూడుడి. మన పల్లెలో వంతు అందనివారెవరు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు వారిని పిలిచితిమా, లేక వారి మారు మనమే చెప్పుచున్నామా?

ఇక మేము దాచిపెట్టకూడని సంగతి. మాకు అప్పగింపబడిన పల్లెలలో ఒకదానిలో ఉపదేశి విశ్రాంతి తీసికొని వెళ్లిపోయిన తరువాత ఒక అవ్వ గంట కొట్టుచుండెను. ఎవరును నియమింపలేదు. గంట మ్రోగకపోతే ప్రొద్దు గూకినట్లు లేదని తానే కొట్టెను. ఆమెకు అక్షరము రాదు. కాని చిన్ననాడు లాంతరు దగ్గర నేర్చుకొనిన కీర్తనలు, ప్రార్థనలు, యేసు ప్రభువు చెప్పిన ఉపమానములు నోటికి వచ్చును. వచ్చినవారి పిల్లలలో ఎవరికైన చదువు వచ్చినచో వాక్యము చదివించును, రాకపోయినచో తనకు జ్ఞాపకమున్నది కథగా చెప్పును. ఏడెనిమిది సంవత్సరములు ఇట్లు జరిగెను. మేము నెలకొకసారి పోయి ప్రభు భోజనము ఇచ్చి వచ్చుచుంటిమి. సంఘము బాగుగా ఉన్నదని తలంచితిమి, ఎందుచేత బాగుగా ఉన్నదో విచారింపలేదు.

అయిదు సంవత్సరముల క్రిందట క్రొత్త కమిటీ ఏర్పడినది. మొదటి కూటములోనే ఒక మాట వచ్చెను. పట్టణమునుండి వచ్చిన చుట్టములు, చదువురాని ముసలమ్మ ప్రార్థన నడిపించుట చూచి నవ్విరట. ఇకమీదట చదువు వచ్చిన పురుషుడే సాయంకాల ప్రార్థన నడిపింపవలెనని తీర్మానము వ్రాసిరి. అధ్యక్షులము మేమే. ఎవరును అవ్వను పిలిచి అడుగలేదు. మేమును అడుగలేదు. ఎదురు చెప్పినచో క్రొత్త కమిటీతో మొదటి దినమే తగవు వచ్చునని భయపడి సంతకము చేసితిమి. ఆ భయమునకు అప్పుడు సమాధానము కాపాడుట అని పేరు పెట్టుకొంటిమి.

ఇంటరు చదివిన ఒక యౌవనస్థునికి తాళపుచెవి ఇచ్చిరి. మంచి పిల్లవాడు, అతనిమీద నేరము లేదు. నాలుగు నెలలు శ్రద్ధగా నడిపించెను. తరువాత బెంగుళూరిలో పని దొరికి పోయెను. తాళపుచెవి సెక్రటరీ ఇంటి గూటిలో పడెను. ఎనిమిది నెలలు ఆ గుడి మేము పోయిన ఆదివారము తప్ప తెరువబడలేదు.

ఆ ఎనిమిది నెలలలో ఒక రాత్రి ఒక చంటిబిడ్డకు జ్వరము ముదిరి ఫిట్సు వచ్చెను. తండ్రి ఊరిలో లేడు. తల్లి గుడి ముందుకు వచ్చి తాళము చూచి ఏడ్చినదట. ఎవరో రోడ్డుమీది ప్రార్థన మందిరపు సేవకునికి ఫోను చేసిరి. అతడు అర్ధరాత్రి మోటారుసైకిలుమీద వచ్చి, బిడ్డమీద చేతులుంచి ప్రార్థించి, ఆటో పిలిచి అళ్లగడ్డ ఆసుపత్రికి తానే తీసికొనిపోయెను. బిడ్డ బ్రదికినది. ఈ సంగతి మూడు వారములైన తరువాత మాకు తెలిసెను. అప్పటికే ఇరువది రెండు ఇండ్లలో ఏడు ఇండ్లవారు ఆ మందిరమునకు పోవుచుండిరి. బిడ్డ తండ్రిని కలిసికొని మాటలాడితిమి. అతడు, “మీమీద కోపమేమీ లేదయ్యా. ఆ రాత్రి ఎవరో ఒకరు కావలసి వచ్చినారు,” అని మాత్రము చెప్పెను. తిట్టియుండినచో మాకు తేలికగా ఉండెడిది.

ఇటువంటి మందిరములను గూర్చి మన కూటములలో ఎన్నో మాటలు విందుము. వారికి చరిత్ర లేదనియు, క్రమము లేదనియు, మన గొఱ్ఱెలను దొంగిలించుచున్నారనియు చెప్పుకొందుము. బోధలో మేము వారితో ఏకీభవింపని విషయములు కలవు. మందు మానుమని బోధించువారిని మేము ఏ మాత్రమును సమర్థింపము. కాని ఆ రాత్రి వచ్చినవాడు ఆసుపత్రికే తీసికొనిపోయెను. శుక్రవారపు ఉపవాస ప్రార్థన, రాత్రి పరామర్శ, ఇంటింటి కూటము, ఇవన్నియు ఒకప్పుడు మన ఉపదేశి పనులే. దొంగిలింపబడినవి కావు, మనము విడిచిపెట్టినవి. మోషే మిద్యానువాని మాట వినగా, మనము రోడ్డుమీది పొరుగువాని నుండి నేర్చుకొనుటకు సిగ్గుపడనేల?

మేము అవ్వ ఇంటికి పోతిమి. చింతకాయలు కొట్టుచు వాకిట కూర్చుండియుండెను. తప్పు చేసితిమని చెప్పితిమి. ఆమె చేయి ఆపలేదు.

“తప్పేముందిలే అయ్యా. గుడికి తాళం వేసినారు గానీ నా నోటికి వేయలేదు గదా. ఇంట్లో చేసుకుంటానే ఉండాను.”

“ఎవరెవరు వస్తున్నారవ్వా?” అని అడిగితిమి.

“మా కోడలు వస్తాది. పక్కింటి ఆడపిల్లోళ్లు ఇద్దరు. ఆ బిడ్డకు ఫిట్సు వచ్చిన దినంనుంచి ఆ తల్లి కూడా వస్తాంది. ఆదివారం ఆడికి పోతాది, సాయంత్రం ఈడికి వస్తాది.”

రోమా 16వ అధ్యాయములో పౌలు ప్రిస్కకును అకులకును వందనములు చెప్పుచు, వారి ఇంటనున్న సంఘమునకు కూడ వందనములు చెప్పెను. అందులో భార్య పేరు ముందు వ్రాసెను. ఆ అధ్యాయము మొదట కెంక్రేయ సంఘ పరిచారకురాలగు ఫీబేను గూర్చి వ్రాసెను. ఆ చింతకాయల వాకిట నిలువబడినప్పుడు మాకు ఆ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. మేము మూసినది గుడిని, సంఘము ఇంటిలో ఉన్నది.

మరల గంట కొట్టుమని బ్రతిమాలితిమి. ఆమె ఒప్పుకొనలేదు. “నా చేయి లేవదయ్యా ఇంక. నేర్చుకునేవాళ్లకు నేర్పుతాను. నన్నే పట్టుకొని ఉంటే నేను పోయినాక మళ్లా తాళమే,” అనెను. యిత్రో చెప్పినదియు ఇదే గదా. మాకు సెమినరీలో ఆ అధ్యాయము మీద పరీక్ష పెట్టిరి, మంచి మార్కులే వచ్చెను.

కమిటీ మరల కూడినప్పుడు ఒక పెద్దమనుష్యుడు 1 తిమోతి 2:12 తీసి, స్త్రీ బోధింపవచ్చునా అని అడిగెను. ఇది తేలికగా త్రోసివేయవలసిన ప్రశ్న కాదు, వాక్యమును బట్టి అడిగినవానికి వాక్యమును బట్టియే జవాబు చెప్పవలెను. ఆ వచనము పౌలు ఎఫెసు సంఘ విషయమై తిమోతికి వ్రాసినది. అబద్ధ బోధకులు ఇండ్లలో చొరబడి కలవరము పుట్టించుచుండగా అది వ్రాయబడెనని ఆ పత్రికలను చదువగా తెలియుచున్నది. అదే పౌలు 1 కొరింథీ 11:5లో స్త్రీ ప్రార్థించుటయు ప్రవచించుటయు సంఘములో జరుగుచున్నదని ఒప్పుకొని, అది ఎట్లు జరుగవలెనో చెప్పుచున్నాడు. అపొల్లో వంటి విద్వాంసునికి మార్గమును మరింత పూర్తిగా విశదపరచినవారిలో ప్రిస్కిల్ల ఒకతె (అపొ. కార్య. 18:26). ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించువారు (21:9). ఒక్క వచనమును పట్టుకొని ఇన్నింటిని మూసివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. మన సంఘము కూడ ఈ విషయమును విచారించియే ముందుకు నడిచినది. దక్షిణ ఇండియా సంఘము 1976లో స్త్రీలకు గురుత్వాభిషేకము ఇచ్చుట ఆరంభించెను. 2013 సెప్టెంబరులో మన నంద్యాల డయోసీసులోనే ఎగ్గోని పుష్పలలిత గారు బిషపుగా అభిషేకము పొందిరి. దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ప్రశ్న అడిగిన పెద్దమనుష్యుడు ఆ అభిషేకము చూచుటకు బస్సెక్కి నంద్యాల పోయివచ్చినవాడే. ఆ సంగతి జ్ఞాపకము చేయగా అతడు నవ్వి, “అది నంద్యాల అయ్యా, ఇది మన పల్లె,” అనెను. నంద్యాలలో స్త్రీ బిషపు కావచ్చును గాని మన పల్లెలో దీపము పెట్టరాదా యని కోడళ్లలో ఒకతె వెనుకనుండి అడిగెను. అతడు మరి మాటలాడలేదు.

మన ప్రాంతము ఇటువంటి విషయములలో ఆలస్యముగా నడచుట క్రొత్త కాదు. 1919లో తరంగంబాడిలో అజరయ్య గారును మరికొందరు సేవకులును కూడి సంఘముల ఐక్యతకు పిలుపునిచ్చిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెంటు జార్జి కతీడ్రలులో ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు కలిసి ఒకటైనవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో ఎక్కువ భాగము ఆ దినమున చేరలేదు. గురుత్వ క్రమము, ఆరాధన విధి చెడిపోవునేమోయని మన పెద్దలు సందేహించిరి. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసీసైనది, 1975లో దక్షిణ ఇండియా సంఘములో చేరినది. పిలుపునుండి ఐక్యతకు 28 సంవత్సరములు, ఐక్యతనుండి మనము చేరుటకు మరి 28 సంవత్సరములు. ఆ నడుమ మన చుట్టుపట్ల ఇటు కొందరు, అటు కొందరుగా చీలి, ఒకరి చేతి ప్రభు భోజనము ఒకరు తీసికొనని కుటుంబములుండెనని పెద్దలు చెప్పుదురు. సందేహించినవారు దుష్టులు కారు, తమకు అప్పగింపబడినదానిని కాపాడవలెనని తలంచినవారు. మేమును ఆ తీర్మానము మీద అట్లే తలంచి సంతకము చేసితిమి గనుక వారిమీద రాయి వేయలేము.

ఆ పల్లెలో ఇప్పుడు జరుగుచున్నది ఇది. ముగ్గురిని సంఘమే ఎన్నుకొన్నది: ప్రత్తి పనికి పోవు ఒక కోడలు, మేకలు కాచు ఒక నడివయస్సువాడు, తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలిక. రెండు వారములకొకసారి బుధవారము సాయంకాలము మేము పోయి రాబోవు పదునాలుగు దినముల వాక్యభాగములను వారితో కలిసి చదువుదుము. బాలిక చదువును, మేకల కాపరి అర్థము చెప్పును. అతడు గొఱ్ఱెల కాపరి ఉపమానము చెప్పినప్పుడు మేము వ్రాసికొనినాము. కోడలు ప్రార్థించును. అవ్వ గోడకానుకొని కూర్చుండి, ఎవరైన తప్పు చెప్పినచో దిద్దును. ప్రొద్దు గూకగానే అని కాక, పనివారు వచ్చిన తరువాత ఎనిమిదింటికి మొదలుపెట్టుచున్నారు. కొన్ని దినములు పదునెనిమిది మంది, కొన్ని దినములు అయిదుగురు. మందిరమునకు పోయిన ఏడు ఇండ్లలో రెండు ఇండ్లవారు సాయంకాలము వచ్చుచున్నారు, ఆదివారము రారు. రమ్మని మేము ఒత్తిడి చేయలేదు. ప్రార్థన మందిరపు సేవకుని ఫోను నంబరు గుడి తలుపు లోపల సుద్దతో వ్రాసియున్నది, దాని క్రింద మాదియు ఉన్నది. కమిటీలో ఇద్దరికి అది నచ్చలేదు. రాత్రి రెండు గంటలకు ఎవరు ముందు ఫోను ఎత్తుదురో వారే రావలెనని బిడ్డ తల్లి చెప్పెను.

పాత గంట వేపచెట్టు కొట్టివేసినప్పుడే పోయినది. రైలుపట్టా ముక్క ఎక్కడను దొరకలేదు. ట్రాక్టరు చక్రపు ఇనుప పళ్లెము ఒకటి తెచ్చి కట్టిరి. శబ్దము కొంచెము పగిలినట్లున్నది, అయినను చివరి ఇంటివరకు వినబడును. బాలిక కొట్టుచున్నది.

మిగిలినది తీర్మానముల పుస్తకము. చదువు వచ్చిన పురుషుడే అను ఆ తీర్మానము, దాని క్రింద మా సంతకము, ఇంకను అందులో ఉన్నవి. ఆ పుట చింపివేయుదమని కొందరు, గీత కొట్టివేయుదమని మరికొందరు అనుచున్నారు. వచ్చు కూటములో తేలవలెను. దానిని అట్లే ఉంచి, తరువాతి పుటలో ముగ్గురి పేర్లతో క్రొత్త తీర్మానము వ్రాయవలెనని మేము అడుగబోవుచున్నాము. సంతకము చేయుటకు అవ్వను కూడ పిలిచితిమి. వ్రేలిముద్ర వేయుదునని చెప్పినది.